ఇరుకు గుహలో కొట్లాట: గ్లేవ్ రియాక్షన్, రెడీ, షీల్డ్... ఏది ముందు, ఏది తర్వాత?

పెన్నాగట్టు_డీఎం (కడప)

అన్నలకు, అక్కలకు నమస్తే. మేము ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (పాచికలతో బల్ల మీద కథలా ఆడే ఆట; డీఎం అంటే కథనీ శత్రువులనీ నడిపేవాడు, మా బల్ల మీద అది నేనే), 2014 రూల్స్, పాత్రలన్నీ 4వ లెవెల్. నిన్న ఒక్క కొట్లాట మీద గంటన్నర వాదన జరిగి ఆట ఆగిపోయింది. మళ్ళీ కూర్చునేలోపు నాకు సరైన జవాబులు కావాలి.

బేలుం గుహల తరహాలో మ్యాప్ గీసినాము. సింహద్వారం లాంటి పెద్ద హాలు, అక్కడినుంచి పాతాళగంగ వైపు దిగే సన్న దారి. దారి వెడల్పు ఒక్క గడి, అంటే 5 అడుగులు. దారి లోపల ముందు ఫైటర్ నిలబడినాడు. మనిషి, స్ట్రెంగ్త్ (బలం) 16, చేతిలో గ్లేవ్ (10 అడుగులు అందే పొడవు కర్ర కత్తి), పోల్‌ఆర్మ్ మాస్టర్ (శత్రువు అందే దూరంలోకి వస్తే కొట్టొచ్చు), సెంటినెల్ (ఆ దెబ్బ తగిలితే శత్రువు ఆగిపోతాడు) అనే రెండు ఫీట్లూ, అంటే ప్రత్యేక నైపుణ్యాలూ, ఉన్నాయి. అతని వెనక గడిలో ఎల్ఫ్ రోగ్ (అదను చూసి దెబ్బ తీసేవాడు), విల్లుతో. ఆ వెనక మనిషి విజార్డ్ (మంత్రగాడు), ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో కాగడా. హాల్లోంచి ఒక ఒగర్ (పెద్ద రాక్షసుడు), ఇద్దరు గోబ్లిన్లు (పొట్టి రాక్షసులు) వస్తున్నారు.

వాదన మొదలైంది ఇక్కడ. ఒగర్ దారిలోకి అడుగు పెట్టగానే ఫైటర్ "నా రీచ్‌లోకి వచ్చింది, రియాక్షన్" అన్నాడు (రీచ్ అంటే ఆయుధం అందే దూరం, రియాక్షన్ అంటే తన టర్న్ కాకపోయినా చేసే పని). తగిలింది. సెంటినెల్ వల్ల ఒగర్ కదల్లేదు అన్నాడు. మరి అది ఏ గడిలో ఆగాలి? రోగ్ ముందే "ఒగర్ వస్తే బాణం వేస్తా" అని రెడీ (ఫలానాది జరిగితే ఇది చేస్తా అని ముందే చెప్పుకోవడం) పెట్టుకున్నాడు. తన బాణమే ముందు అంటాడు, స్నీక్ అటాక్ (అదను దొరికితే వచ్చే అదనపు డామేజ్) కూడా కావాలంటాడు. తర్వాత ఒగర్ విజార్డ్ మీదికి ఈటె విసిరింది. "19, డామేజ్ 11" అని నేను చెప్పేసినాక విజార్డ్ "షీల్డ్" అన్నాడు. ఆయన ఏసీ (దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన అంకె) 15, మేజ్ ఆర్మర్ మంత్రంతో కలిపి; షీల్డ్ దాన్ని ఇంకో 5 పెంచే మంత్రం. ఒప్పుకోవాలా?

చివరికి కాగడా నీళ్ళలో పడి ఆరిపోయింది. చీకట్లో కూడా ఫైటర్ ఆపర్చునిటీ అటాక్‌లు (శత్రువు రీచ్ దాటుతుంటే రియాక్షన్‌తో కొట్టే దెబ్బలు) చేస్తూ పోయినాడు. అది నాకు సరిగా అనిపించలేదు గానీ రూల్ చూపించలేకపోయినాను.

---

బురుజుకాడి_విజార్డ్ (కర్నూలు)

తమ్ముడూ, నీ ప్రశ్నల్లో సగం ఒకే ముడి. ప్రతి రియాక్షన్‌కీ దానిదైన క్షణం ఉంటుంది. అన్నిటికీ కలిపి "ముందు" అనో "తర్వాత" అనో ఒకే సూత్రం పెట్టుకుంటే ప్రతిసారీ గొడవే.

మామూలు ఆపర్చునిటీ అటాక్ శత్రువు నీ రీచ్ దాటి బయటికి పోయే ముందు జరుగుతుంది. దాటేస్తే కొట్టడానికి అందదు కాబట్టి రూల్‌లోనే "వెళ్ళే ముందు" అని రాసి ఉంది. పోల్‌ఆర్మ్ మాస్టర్‌ది వేరే వాక్యం: శత్రువు రీచ్‌లోకి వచ్చినప్పుడు. రాకముందు కొడదామన్నా అందదు కదా. కాబట్టి ఒగర్ 10 అడుగుల గడిలోకి వచ్చేసినాక దెబ్బ పడుతుంది. తగిలితే అక్కడే ఆగుతుంది. ఫైటర్‌కీ ఒగర్‌కీ మధ్య ఒక ఖాళీ గడి మిగులుతుంది.

నువ్వు మర్చిపోయినది ఇంకొకటి ఉంది. ఒగర్ లార్జ్ సైజు, దానికి 10 అడుగుల చోటు కావాలి. 5 అడుగుల దారిలో అది ఒదిగి నడవాల్సిందే. 2014 రూల్స్‌లో ఒదిగి నడిస్తే ఒక్కో అడుగుకి రెండు అడుగుల ఖర్చు, దాని అటాక్‌లకీ డెక్స్ సేవ్‌లకీ (చురుకుతనంతో తప్పించుకునే పాచికలకీ) డిసడ్వాంటేజ్ (రెండు డి20లు, అంటే ఇరవై ముఖాల పాచికలు, వేసి తక్కువది తీసుకోవడం), దాని మీద పడే అటాక్‌లకి అడ్వాంటేజ్ (రెండిట్లో ఎక్కువది). స్పీడు 40 ఉన్న ఒగర్ ఆ దారిలో ఒక టర్న్‌కి నాలుగు గళ్ళే పోగలదు. మీ ఫైటర్‌కి అటాక్ +5, ఒగర్ ఏసీ 11, అంటే మామూలుగా 6 పడితే చాలు, 75 శాతం. అడ్వాంటేజ్‌తో 94 శాతం దగ్గరికి పోతుంది. పులిజూదంలో మేకలు పులిని కట్టేసినట్టే, ఆ దారిలోకి రావడమే ఒగర్ చేసిన తప్పు.

అలాగని దాని టర్న్ మొత్తం పోయినట్టు కాదు. సెంటినెల్ స్పీడుని సున్నా చేస్తుంది, అంతే. యాక్షన్ అలాగే ఉంటుంది. గదకి రీచ్ 5 అడుగులే కాబట్టి ఫైటర్‌ని అందుకోలేదు, ఈటె విసరొచ్చు. నువ్వు విసిరింది సరైన పనే. కాకపోతే ఒదిగి ఉన్నందుకు డిసడ్వాంటేజ్‌తో రెండు డి20లు వేసి తక్కువది తీసుకోవాలి.

ఇప్పుడు రెడీ. రెడీ పెట్టేటప్పుడు చెప్పే మాటే ముఖ్యం. ట్రిగ్గర్ పూర్తయ్యాకే రెడీ చేసుకున్న పని జరుగుతుంది. "ఒగర్ దారిలోకి రాగానే" అంటే అది వచ్చినాక, కొట్టే ముందు బాణం పోతుంది, ఎందుకంటే నడక వేరు, అటాక్ వేరు. "ఒగర్ నన్ను కొడితే" అని చెప్పి ఉంటే దెబ్బ తిన్నాకే బాణం. "ఒగర్ వస్తే" అని గాలికి వదిలేసినట్టు చెబితే డీఎం ఒప్పుకోకూడదు. ఏ గడికి వస్తే, ఏం చేస్తే అని అడిగి కాగితం మీద రాయించు.

రోగ్ బాణం, ఫైటర్ దెబ్బ ఒకే అడుగుకి పడ్డాయి అనుకుందాం. 2017లో వచ్చిన అదనపు రూల్స్‌లో దీనికి జవాబుంది: ఎవరి టర్న్ నడుస్తుందో ఆ జీవిని ఆడించేవాళ్ళు వరస నిర్ణయిస్తారు. ఒగర్ టర్న్ కాబట్టి నువ్వే చెప్పాలి.

స్నీక్ అటాక్ వస్తుంది. శత్రువుకి 5 అడుగుల లోపల మీవాడు ఉంటే అన్న లెక్క ఇక్కడ కుదరదు, ఫైటర్ 10 అడుగుల దూరంలో ఉన్నాడు. కానీ ఒగర్ ఒదిగి ఉంది, అడ్వాంటేజ్ ఉంది, అది చాలు. 4వ లెవెల్‌కి 2డి6 (ఆరు ముఖాల పాచికలు రెండు) కలపండి. అయితే బాణం ఫైటర్ పక్కనుంచి పోవాలి, మధ్యలో మనిషి ఉంటే హాఫ్ కవర్, అంటే సగం చాటు, ఏసీకి 2 కలుస్తుంది. ఒగర్ ఏసీ 11 కాదు, 13.

షీల్డ్ గురించి: "అటాక్ తగిలినప్పుడు" అన్నదే దాని క్షణం. తగిలింది అని తెలిసినాక, డామేజ్ వేసే ముందు. నువ్వు రెండూ కలిపి ఒక్క ఊపిరిలో చెప్పేసినావు, ఆటగాడికి సందు ఇవ్వలేదు. తప్పు నీది కాబట్టి ఈసారికి ఒప్పుకోవాలి. ఇకమీదట "19 తగిలిందా?" అని అడిగి ఆగు. జవాబు వచ్చాకే డామేజ్ పాచికలు చేతిలోకి తీసుకో. 20 పడినప్పుడు మాత్రం షీల్డ్ వేసినా తగులుతుంది, అది ముందే చెప్పడం మర్యాద, లేకపోతే స్లాట్ (రోజుకి ఇన్నే అని ఉండే మంత్రాల్లో ఒకటి) వృథా.

---

అనంత_డి20 (అనంతపురం)

పైన అన్న చెప్పింది అంతా సరే గానీ షీల్డ్ దగ్గర నాకు వేరే అభ్యంతరం ఉందప్పా. విజార్డ్ ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో కాగడా అని రాసినారు. షీల్డ్‌కి మాట కావాలి, చేతి కదలిక కావాలి, వస్తువు అక్కర్లేదు. కర్ర పట్టుకున్న చేత్తోనే కదలిక చేయొచ్చు అన్న వెసులుబాటు, వస్తువు అవసరమున్న మంత్రాలకే. షీల్డ్‌కి ఖాళీ చెయ్యి ఒకటి ఉండాలి. రెండు చేతులూ నిండుగా ఉన్నాయి, చేతులు నిండుగా ఉన్నా మంత్రం వేయనిచ్చే వార్ క్యాస్టర్ ఫీట్ లేదు, కాబట్టి రూల్ ప్రకారం ఆ షీల్డ్ పడదు.

దీనికి మందు సులభం. లైట్ క్యాంట్రిప్‌ని (స్లాట్ ఖర్చు లేని చిన్న మంత్రం) గ్లేవ్ కొన మీద వేయండి. 10 అడుగులకి మించని వస్తువు ఏదైనా సరే, గంట సేపు వెలుగు, 20 అడుగులు బాగా, ఇంకో 20 అడుగులు మసకగా. కాగడా వెలుగూ అంతే. విజార్డ్ చెయ్యి ఖాళీ అవుతుంది, వెలుగు ఫైటర్‌తో పాటే ముందుకి పోతుంది, నీళ్ళలో పడి ఆరిపోయే బాధ లేదు. ఫైటర్ కాగడా పట్టుకోలేడు, గ్లేవ్‌తో కొట్టాలంటే రెండు చేతులు కావాలి.

మీ చివరి ప్రశ్న ఈ కొట్లాటలో అసలైనది. ఆపర్చునిటీ అటాక్ రూల్‌లో "నీకు కనిపించే శత్రువు" అన్న మాట ఉంది. ఫైటర్ మనిషి, చీకట్లో చూపు లేదు. కాగడా ఆరిపోయిన క్షణం నుంచి అతనికి ఆపర్చునిటీ అటాక్ లేదు. పోల్‌ఆర్మ్ మాస్టర్ ఇచ్చేది కూడా ఆపర్చునిటీ అటాకే కాబట్టి అదీ లేదు, సెంటినెల్ ఆపడమూ లేదు. మీకు అనుమానం రావడం సరైనదే. ఎల్ఫ్ రోగ్‌కి, ఒగర్‌కి, గోబ్లిన్లకి డార్క్‌విజన్ (చీకట్లో చూపు) 60 అడుగులు ఉంది, వాళ్ళకి అదంతా మసక వెలుగే.

మరి చీకట్లో ఫైటర్ ఏం చేయాలి? రెడీ పెట్టుకోవాలి. రెడీ ట్రిగ్గర్ కంటికే కనిపించాలని లేదు, తెలిసేది ఏదైనా చాలు. "అడుగుల చప్పుడు నా ముందు రెండో గడిలోకి రాగానే పొడుస్తా" అంటే సరిపోతుంది. అయితే ఒక్క దెబ్బే, ఒగర్ ఆగదు, పోల్‌ఆర్మ్ మాస్టర్ ఇచ్చే కర్ర వెనక కొన దెబ్బ కూడా ఉండదు, అది అటాక్ యాక్షన్ తీసుకుంటేనే వస్తుంది.

పాచికల లెక్క కూడా చూడండి, చాలామంది ఇక్కడ తప్పుతారు. ఫైటర్‌కి ఒగర్ కనిపించదు, డిసడ్వాంటేజ్. ఒగర్ ఒదిగి ఉంది, అడ్వాంటేజ్. రెండూ కొట్టేసుకుని ఒకే డి20. ఒగర్ ఎదురు దాడికి: ఒదిగినందుకు డిసడ్వాంటేజ్, ఫైటర్‌కి కనిపించనందుకు అడ్వాంటేజ్. మళ్ళీ ఒకే డి20. ఒకవైపు మూడు కారణాలు, ఇంకోవైపు ఒకటే ఉన్నా ఇంతే. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకూడదు.

---

గండికోట_క్లెరిక్ (జమ్మలమడుగు)

ఒక్క మాట. ఆపర్చునిటీ అటాక్ ఎప్పుడూ కదలికకి ముందే జరుగుతుంది కదా? అలాంటప్పుడు ఒగర్ 15 అడుగుల గడిలోనే ఆగాలి, 10 అడుగుల గడిలో కాదు. మేము అలాగే ఆడతాము.

---

బురుజుకాడి_విజార్డ్ (కర్నూలు)

అలా ఆడితే దెబ్బ ఎలా తగులుతుంది సామీ? 15 అడుగుల గడి గ్లేవ్‌కి అందదు. "ముందే" అన్నది బయటికి పోయే కదలికకి రాసిన మాట. లోపలికి వచ్చేదానికి ఫీట్ తనదైన ట్రిగ్గర్ ఇచ్చింది, వచ్చినాకే. ఒక్క గడి తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాతి టర్న్‌కి చాలా తేడా వస్తుంది.

ఎలాగంటే: ఒగర్ 10 అడుగుల గడిలో ఆగింది. ఫైటర్ తన టర్న్‌లో అక్కడినుంచే కొట్టి, కదలకుండా నిలబడినాడు. మళ్ళీ ఒగర్ టర్న్. ఇప్పుడు అది 10 నుంచి 5 అడుగులకి వస్తే ఫైటర్‌కి రియాక్షన్ రాదు. ఇప్పటికే రీచ్ లోపల ఉంది కాబట్టి "రీచ్‌లోకి రావడం" జరగలేదు. గద దెబ్బ 2డి8+4 పడుతుంది. అదే ఫైటర్ కొట్టినాక ఒక గడి వెనక్కి తగ్గితే దూరం 15 అవుతుంది, ఒగర్ మళ్ళీ లోపలికి రావాలి, మళ్ళీ రియాక్షన్. ఫైటర్ వెనక్కి తగ్గేటప్పుడు ఒగర్‌కి ఆపర్చునిటీ అటాక్ ఉండదు, అతను దాని 5 అడుగుల రీచ్‌లో ఎప్పుడూ లేడు.

ఈ ఎత్తు పారాలంటే వెనక గడి ఖాళీగా ఉండాలి. మీ రోగ్ అక్కడే నిలబడినాడు. మనవాడి గడిలోంచి దాటొచ్చు, ఖర్చు రెట్టింపు, కానీ ఆ గడిలో టర్న్ ముగించకూడదు. కాబట్టి రోగ్, విజార్డ్ ముందుగానే రెండు మూడు గళ్ళు వెనక్కి జరిగి చోటు వదలాలి. మీ బల్ల మీద మొదట మార్చుకోవాల్సింది ఇదే.

---

పెన్నాగట్టు_డీఎం (కడప)

చాలా థాంక్స్ అన్నా. ఫైటర్‌కి చెబుతాను. మేము కడప బండ మీద చాక్‌పీసుతో గళ్ళు గీసుకుంటాము, గోబ్లిన్లకి చింతగింజలు, ఒగర్‌కి రెండు అంగుళాల అట్టముక్క. దారిలోకి వచ్చినప్పుడు ఆ ముక్క పట్టకపోతే సగం గోడ మీద పెట్టేసినాము. అక్కడే ఒదిగే రూల్ గుర్తు రావాల్సింది.

ఇంకొకటి మిగిలింది. ఫైటర్ ఒక గోబ్లిన్‌ని పట్టుకున్నాడు. గోబ్లిన్ బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అదనంగా దొరికే చిన్న పని) డిస్‌ఎంగేజ్ చేసి పారిపోయిందని నేను చెప్పినాను. ఫైటర్ ఒప్పుకోలేదు. గ్లేవ్ వదలకుండా గోబ్లిన్‌ని పట్టుకోవచ్చా అని కూడా తెలియలేదు.

---

చిత్రావతి_రోగ్ (ధర్మవరం)

ఫైటర్ చెప్పిందే కరెక్ట్. పట్టుబడినవాడి స్పీడు సున్నా. డిస్‌ఎంగేజ్ చేస్తే కదిలినప్పుడు ఆపర్చునిటీ అటాక్‌లు రావు, అంతే. కదలడానికి స్పీడే లేనప్పుడు దానివల్ల ఏమీ ఒరగదు. గోబ్లిన్ విడిపించుకోవాలంటే యాక్షన్ ఖర్చు పెట్టి, తన అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్‌తో ఫైటర్ అథ్లెటిక్స్ మీద గెలవాలి.

అంకెలు వేసి చూపిస్తాను. ఫైటర్ స్ట్రెంగ్త్ +3, అథ్లెటిక్స్ నేర్చి ఉంటే +2, మొత్తం +5. గోబ్లిన్‌కి డెక్స్ +2, అక్రోబాటిక్స్ నేర్వలేదు. పట్టుకునేటప్పుడు సమానం వస్తే ఏమీ మారదు, అంటే పట్టు దొరకలేదు. ఆ లెక్కన ఫైటర్‌కి పట్టు దొరికే అవకాశం 400లో 247, దాదాపు 62 శాతం. దొరికినాక విడిపించుకోవాలంటే సమానం ఫైటర్‌కే పనికొస్తుంది, గోబ్లిన్ కచ్చితంగా ఎక్కువ వేయాలి. అది 400లో 136, సరిగ్గా 34 శాతం. మూడు టర్న్‌లలో ఒకసారి తప్పించుకుంటుందని అనుకోండి, ప్రతిసారీ దాని యాక్షన్ పోతూ ఉంటుంది.

చేతుల సంగతి. పట్టుకోవడానికి ఒక ఖాళీ చెయ్యి చాలు. గ్లేవ్‌ని రెండో చేత్తో ఊరికే పట్టుకుని ఉండొచ్చు, కొట్టేటప్పుడే రెండు చేతులు కావాలి. కాబట్టి గోబ్లిన్‌ని పట్టి ఉన్నంతసేపు గ్లేవ్ పనిచేయదు, ఆపర్చునిటీ అటాక్‌కి కూడా అంతే. ముందు ఒగర్ ఉండగా ఇది చాలా పెద్ద నష్టం. చేతిలో మిగిలేది 4 డామేజ్ పిడిగుద్దు.

గోబ్లిన్‌ని లాక్కుపోతే స్పీడు సగం, 30 ఉంటే 15, మూడు గళ్ళు. గోబ్లిన్ ఒక్క సైజే చిన్నది, రెండు సైజులు చిన్నదైతేనే ఆ తగ్గింపు ఉండదు. లాక్కుపోయేటప్పుడు ఒగర్ రీచ్ దాటితే దెబ్బ ఫైటర్‌కి పడుతుంది, గోబ్లిన్ తన కాళ్ళతో కదలలేదు కాబట్టి దానివల్ల ఎవరికీ ఆపర్చునిటీ అటాక్ రాదు.

పట్టుకుని పడదోస్తే పడినవాడు లేవలేడు, లేవడానికి సగం స్పీడు కావాలి, సున్నాలో సగం లేదు. దాని అటాక్‌లకి డిసడ్వాంటేజ్, 5 అడుగుల లోపలనుంచి కొట్టేవాళ్ళకి అడ్వాంటేజ్. కానీ మీది 4వ లెవెల్, ఎక్స్‌ట్రా అటాక్ 5లో వస్తుంది. పట్టుకోవడం ఒక అటాక్, పడదోయడం ఇంకొకటి. ఒకే టర్న్‌లో రెండూ కావాలంటే యాక్షన్ సర్జ్ (ఫైటర్‌కి దొరికే అదనపు యాక్షన్) వాడాలి. దూరంనుంచి బాణం వేసే రోగ్‌కి పడినవాడు కష్టం, డిసడ్వాంటేజ్, స్నీక్ అటాక్ కూడా పోతుంది. పడదోసే ముందు రోగ్‌ని అడగండి.

గోబ్లిన్‌ని మాట్లాడించడానికి పట్టుకుంటున్నట్టయితే అసలు గ్రాపుల్ (ఈ పట్టుకోవడం) వద్దు. దాని హిట్ పాయింట్లు 7. దగ్గరినుంచి చేసే దెబ్బతో సున్నాకి తెస్తే, చంపకుండా స్పృహ తప్పించానని ఆటగాడు చెప్పొచ్చు. గ్లేవ్ కూడా దగ్గరి దెబ్బే, 10 అడుగుల దూరంనుంచి అయినా. బాణంతో మాత్రం కుదరదు.

---

అనంత_డి20 (అనంతపురం)

గ్రాపుల్ లెక్క ఇచ్చినందుకు సంతోషం. మీలో ఎవరి దగ్గరైనా 2024 పుస్తకం ఉంటే ఇంకో గొడవ వస్తుంది కాబట్టి రాస్తున్నా. అందులో పట్టుకోవడానికి పోటీ లేదు. పట్టుబడేవాడు స్ట్రెంగ్త్ లేదా డెక్స్ సేవ్ వేస్తాడు, డీసీ (సేవ్‌లో కనీసం రావాల్సిన అంకె) 8 కి స్ట్రెంగ్త్, ప్రొఫిషెన్సీ (నేర్పు బోనస్) కలపాలి. మీ ఫైటర్‌కి 13. సేవ్ +2 ఉన్నవాడు 11 వేయాలి, సగం సగం. అథ్లెటిక్స్ నేర్చినందుకు ఫైటర్‌కి ఇక్కడ ఏమీ కలవదు.

అంతకంటే పెద్ద మార్పు, 2024 పోల్‌ఆర్మ్ మాస్టర్‌లో రీచ్‌లోకి వచ్చినప్పుడు చేసేది ఆపర్చునిటీ అటాక్ కాదు, వేరే పేరున్న రియాక్షన్. సెంటినెల్ ఆపేది ఆపర్చునిటీ అటాక్ తగిలితేనే. అంటే 2024లో దెబ్బ పడుతుంది, ఒగర్ మాత్రం ఆగదు, నడిచి వచ్చి కొడుతుంది. ఫీటు ఒక పుస్తకంలోది, కొట్లాట రూల్ ఇంకో పుస్తకంలోది కలిపితే మీ ఫైటర్‌కి న్యాయంగా రావాల్సింది పోతుంది, రాకూడనిది వస్తుంది. మొదటి రోజే ఏ సంవత్సరంది అని బండ మూల చాక్‌పీసుతో రాసిపెట్టండి.

---

పెన్నాగట్టు_డీఎం (కడప)

2014 అని రాసేసినాను. ఒగర్ ఇంకా దారిలోనే ఉంది, 31 హిట్ పాయింట్లు మిగిలినాయి, ఫైటర్ ముందు ఒక ఖాళీ గడి. రోగ్, విజార్డ్ రెండేసి గళ్ళు వెనక్కి జరిగినారు, పారిపోయిందన్న గోబ్లిన్‌ని ఫైటర్ వెనక గడిలో పెట్టినాను, పట్టు అలాగే ఉంది. ఈ స్థితిలో రెండో గోబ్లిన్ ఫైటర్‌ని దాటి విజార్డ్ దగ్గరికి పోవచ్చా?

---

చిత్రావతి_రోగ్ (ధర్మవరం)

పోలేదు. శత్రువు గడిలోంచి దాటాలంటే సైజులో రెండు మెట్ల తేడా ఉండాలి. గోబ్లిన్ స్మాల్, ఫైటర్ మీడియం, ఒక్క మెట్టే. ఒగర్‌ని మాత్రం దాటొచ్చు, అది దానివాడే కాబట్టి, అడుగుకి రెండు అడుగుల ఖర్చుతో. ఒగర్ ముందున్న ఆ ఖాళీ గడిలోకి వచ్చి నిలబడుతుంది. అప్పుడు రోగ్ బాణం వేయాలంటే గోబ్లిన్‌కి 5 అడుగుల లోపల ఫైటర్ ఉన్నట్టే, స్నీక్ అటాక్‌కి అది చాలు. హాఫ్ కవర్ మర్చిపోవద్దు, గోబ్లిన్ ఏసీ 15 కాస్తా 17.